మిట్టపల్లెకు వెళ్లిన నీళ్ల బండి

ఉగ్గాని పొద్దు

ఎండాకాలంలో కడప వెళ్తున్నానంటే మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. గోదావరి కాలువ గట్టున పుట్టి పెరిగినదానికి ఏప్రిల్ నెలలో రాయలసీమతో ఏం పని అన్నారు. పని ఉంది. మా పంచాయతీకి నేను సర్పంచిని. సర్పంచుల శిక్షణ తరగతుల్లో నా పక్క కుర్చీలో కమలాపురం వైపు నుంచి వచ్చిన ఓబుళమ్మ అనే సర్పంచి కూర్చునేది. వాళ్ల దగ్గర నాలుగు పంచాయతీలు కలిసి ఒక నీళ్ల బండిని నడుపుకుంటున్నాయని, గడ్డివాములకు నిప్పంటుకుంటే ఆర్పడానికే దాన్ని పెట్టుకున్నామని మాటల్లో చెప్పింది.

"టౌన్ నుంచి ఫైరింజను వచ్చేలోపల ఈడ బూడిద మిగుల్తాదక్కా. అందుకే నాలుగూర్లోళ్లం కలిసి మా బండి మేమే పెట్టుకున్యాం. ఒకసారి వచ్చి సూడు" అంది.

నాలుగు పంచాయతీలు ఒక బండిని తగువు లేకుండా పంచుకుంటున్నాయంటే, ఆ సంగతి కళ్లతో చూడాలనిపించింది. మా పెద్దన్నయ్య భార్య మంగతాయారు వదిన తోడు బయల్దేరింది. ఆవిడకు నీళ్ల బండి సంగతి అక్కర్లేదు. మహానందిలో స్నానం చేయాలన్నది ఆవిడ కోరిక. అందుకే ముందు కర్నూలులో దిగాం.

బస్టాండు బయట తోపుడు బండి మీద ఒకావిడ ఉగ్గాని పెడుతోంది. మా వైపు మరమరాలంటే సాయంత్రం పిల్లలు నమిలే చిరుతిండి. ఇక్కడ వాటిని నీళ్లలో తడిపి, పిండి, తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి పొద్దుటి టిఫినుగా ఇస్తారు. ప్లేటు నలభై రూపాయలు.

"మరమరాలతో ఉప్మా ఏంటే?" అంది వదిన నా చెవిలో.

ఆవిడ వినేసింది. "మరమరాలు గాదమ్మా, బొరుగులు. తిని సూడు. నచ్చకుంటే దుడ్లు ఇయ్యొద్దులే" అంది. ఆదోని వైపు మనిషి. డబ్బుల్ని దుడ్లు అనడం నేను మొదటిసారి విన్నది ఆవిడ నోటనే. వదిన రెండు ప్లేట్లు తింది. రెండో ప్లేటులో బజ్జీని మధ్యకు కొరికి, కళ్లనీళ్లు కారుతుంటే కూడా వదల్లేదు. ఆవిడ గ్లాసుడు మజ్జిగ ఇచ్చి దానికి డబ్బు తీసుకోలేదు.

కల్లూరు దారిలో

వదిన పిన్ని కూతురు కల్లూరులో కొత్త ఇల్లు కట్టుకుంది. మధ్యాహ్నం భోజనం అక్కడే. షేర్ ఆటోలో మాతోపాటు ఇంకో ఆరుగురు, ఒక గ్యాసు సిలిండరు, రెండు సిమెంటు బస్తాలు ఎక్కాయి. సగం కట్టిన ఇళ్లు, వెల్డింగు షాపులు, గ్రానైటు కోసే షెడ్లు దాటుకుంటూ ఆటో వెళ్తోంది. ఊరి చివరికి వచ్చేసరికి ఇళ్లు పలచబడ్డాయి. అక్కడొక చెత్త ట్రాక్టరు ఆగి ఉంది. దాని ఒక వైపు ఒక పంచాయతీ పేరు, రెండో వైపు ఇంకో పంచాయతీ పేరు రాసి ఉన్నాయి.

"ఇది ఏ ఊరి బండి బాబూ?" అని ఆటో డ్రైవరును అడిగాను.

"పొద్దున ఆ ఊరిది, మధ్యాన్నం నుంచి ఈ ఊరిదమ్మా. ఇద్దరికీ కలిపి ఒకటే" అన్నాడు. అదేదో అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు హారన్ కొట్టుకుంటూ పోయాడు. నేను మాత్రం మెడ తిప్పి ట్రాక్టరు కనపడినంతసేపు చూశాను.

పిన్ని కూతురు ఇంట్లో ఓళిగలు పెట్టారు. మనం బొబ్బట్లు అనేవే. కాకపోతే ఇక్కడివి కాగితం కంటే మందంగా ఏమీ ఉండవు. నెయ్యి మనం చాలనేదాకా ఆపరు. వదిన రాత్రి భోజనం మానేసింది.

మహానంది

మర్నాడు నంద్యాల మీదుగా మహానంది చేరాం. కొండల పక్కన పచ్చగా, చుట్టూ అరటి తోటలు. అంతదాకా చూసిన ఎండు నేలకు అది సంబంధం లేని ఊరిలా ఉంది. కోనేరు నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే గుండెల లోతులో నిలబడి కాలి గోళ్లు లెక్కపెట్టుకోవచ్చు. వదిన దిగింది కానీ ఎక్కదే. "మన గోదారి నీళ్లలో మన కాళ్లు మనకే కనపడవు కదే" అని మళ్లీ మునిగింది.

గుడి బయట నీడలో పడమటి కర్నూలు నుంచి వచ్చిన దంపతులు కూర్చుని ఉన్నారు. ఆయన పేరు హనుమంతప్ప. సొంత చేను కాస్త, కూలి పని కాస్త. మూట విప్పి మాకు వేయించిన బుడ్డలు పెట్టాడు. బుడ్డలంటే వేరుశనక్కాయలు. కోనేరులోంచి వచ్చే నీళ్లు చుట్టుపక్కల పొలాలకు కాలువలుగా పోతుంటే ఆయన వాటినే చూస్తున్నాడు.

"మాకు ఇందులో ఒక కాలువుంటే సాలమ్మా" అన్నాడు. "మా తట్టు మూడూర్లకు ఒకటే ట్యాంకు. ఒక దినం మాకు ఇడుస్తారు, ఒక దినం వాళ్లకు."

"తగువులు రావా?" అని అడిగాను.

"రాకేం? పొద్దున తగువు పడతాం. సాయంత్రం మళ్లా ఆ నీళ్లే తాగల్ల గదా. యాడికి పోతాం?"

ఆయన భార్య నవ్వి, "ఈయప్ప ముగ్గురు సర్పంచుల్నీ తిట్టినాడు. ముగ్గురూ ఈయప్పను కాపీకి పిలిచినారు" అంది.

చీర ఎగిరిన బస్సు

కడప వెళ్లే బస్సులో ఒక చిన్న ఉపద్రవం జరిగింది. వదిన తడిచీరను కిటికీ కడ్డీకి కట్టి ఆరబెట్టింది. మైదుకూరు దాటాక వడగాలికి ముడి ఊడి చీర ఎగిరిపోయింది. వదిన పెట్టిన కేకకు డ్రైవరు బ్రేకు వేశాడు. మేం నోరు తెరిచేలోపే వెనక సీటులోంచి ఒక పెద్దాయన దిగి, కంపచెట్లలోకి నడిచి, ముళ్లకు పట్టుకున్న చీరను ఒక్కో పోగూ తెగకుండా విడదీసి తెచ్చాడు. బస్సంతా ఆగి చూసింది. ఎవరూ విసుక్కోలేదు.

"ఆరిపోయినాది మ్మా" అని చీర చేతికిచ్చి వెళ్లి కూర్చున్నాడు. నిజంగానే ఆరిపోయింది.

కడపలో కారం దోశ తిన్నాం. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి కాల్చి ఇస్తారు. ఉగ్గాని దగ్గర ఏడ్చిన వదిన ఇక్కడ ఏడవలేదు. సీమలో రెండు రోజులకే ఆవిడ నాలుక గట్టిపడింది.

తుమ్మలకొట్టాలలో ఎర్ర బండి

కమలాపురంలో బస్సు దిగితే ఓబుళమ్మ ఆటోతో ఎదురొచ్చింది. నలభై దాటిన మనిషి. సన్నగా, నల్లగా, గొంతు మాత్రం మైకు. వాళ్ల ఊరు తుమ్మలకొట్టాల. ఇంటికి కూడా పోకుండా ముందు పంచాయతీ ఆఫీసు పక్కనున్న రేకుల షెడ్డుకు తీసుకెళ్లింది.

బండిని చూసి మొదట నీరసపడ్డాను. ఎర్ర రంగు వేసిన మామూలు ట్రాక్టరు ట్యాంకరే. వెనక ఒక డీజిల్ ఇంజను, పొడవాటి పైపు చుట్ట. డ్రైవరు మస్తాను ఇంజను మూత మీద దుమ్ము తుడుస్తున్నాడు. అతని జీతం, డీజిలు నాలుగు పంచాయతీలూ భరిస్తాయి. ఎక్కడ పొగ కనపడినా అతనికి ఫోను చేస్తే చాలు. అతను బయల్దేరుతూ పక్క ఊరికి ఒక ఫోను చేస్తాడు, వాళ్లు ఆ పక్క ఊరికి చేస్తారు. తోటలకు మందు కొట్టే ట్రాక్టర్లున్న రైతులు తొట్లలో నీళ్లు నింపుకుని వెనకాలే వస్తారు. ఏ ఊరి ట్యాంకు దగ్గరున్నా బండికి నీళ్లు పట్టాల్సిందే, ఎవరూ అడ్డు చెప్పకూడదు.

ట్యాంకరు మీద ఊళ్ల పేర్లు రాసి ఉన్నాయి. నాలుగు పేర్ల కింద ఐదో చోట సున్నం పూసి ఉంది.

"ఇదేంటి?" అన్నాను.

ఓబుళమ్మ ముఖం కాస్త వాడిపోయింది. "మిట్టపల్లె. మొదట ఐదూర్లమక్కా. పోయిన ఎండాకాలం వాళ్లూర్లో వాములు అంటుకుంటే మా బండి పోలేదు. ఆ పొద్దు దీంట్లో మా ఊరి పెండ్లికి నీళ్లు తోలుతాండారు. ఖాళీ చేసి, నింపి, పొయ్యేతలికి అంతా అయిపోయింది."

"ఎవరి పెళ్లి?"

"మా బావ కొడుకుది" అంది. "తప్పు మాదే. నేనే తోలమన్న్యా. మిట్టపల్లె సర్పంచి సుబ్బరాయుడు వచ్చి, మీ బండీ వద్దు, మీ పొత్తూ వద్దు అని పేరు చెరిపేసి పోయినాడు. రెండుసార్లు వాళ్లింటికి పోయినా. మంచినీళ్లిచ్చినాడు, మాటియ్యలేదు."

అప్పట్నుంచీ బండి పెళ్లిళ్లకు కదలదు. ఎప్పుడూ నిండుగా, ముఖం రోడ్డు వైపు పెట్టి నిలబడి ఉంటుంది.

రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు ఓబుళమ్మ మా ఊరి సంగతులు అడిగింది. మా మూడు పంచాయతీలూ కలిసి ఒక శవవాహనం కొందామనుకుని, దాని మీద ఎవరి ఊరి పేరు ముందు రాయాలో తేలక మానేశామని చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఏడ్చే ఇంటికాడికి పొయ్యే బండికి పేరెందుకక్కా?" అంది.

మిట్టపల్లె

మర్నాడు మధ్యాహ్నం రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టారు. నిన్నటిదాకా బుడ్డలన్న కాయలు కడప జిల్లాకొచ్చేసరికి చెనిక్కాయలయ్యాయి. వేడి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తుంటే, వాకిట్లోంచి ఎవరో "పొగ, పొగ" అని అరిచారు.

అందరం మిద్దె ఎక్కాం. తూర్పున చేల అవతల నల్లగా లేస్తోంది.

"మిట్టపల్లె" అన్నాడు ఒకాయన. ఆ మాటకు అందరూ ఓబుళమ్మ వైపు తిరిగారు. ఫోను రాలేదు. వాళ్లు ఎలాగూ చేయరు. "పిలవకుండా పోతే పైన పడి కొడతారమ్మా. పోయినేడు మనం పోలేదు" అన్నాడు ఇంకొకాయన. ఆయన అన్నదాంట్లో అన్యాయమేమీ లేదు.

ఓబుళమ్మ చెయ్యి కూడా కడుక్కోలేదు. మెట్లు దిగుతూనే, "మస్తానూ, తియ్యి బండి" అని కేకేసింది. మస్తాను అప్పటికే ఇంజను ఆన్ చేసి ఉన్నాడు.

మేం వెనక ఆటోలో వెళ్లాం. వదినను ఉండమంటే ఉండలేదు. ఓబుళమ్మ కూడా మాతోనే ఎక్కింది. సంగటి అంటిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని పొగ వైపే చూస్తూ కూర్చుంది.

మిట్టపల్లె మొదట్లోనే కళ్లం. అక్కడ ఊరి వాములన్నీ వరసగా ఉన్నాయి. జొన్న సొప్ప, చెనిక్కాయ కట్టె, వరిగడ్డి. ఏడాదంతా పశువులకు అదే తిండి. వానలు తప్పితే కొనడానికి దొరకదు. మొదటి వామి పూర్తిగా మంటల్లో ఉంది. రెండోది అంటుకుంది. గాలి మిగతా వాటి వైపే కొడుతోంది. కరెంటు తీగల నిప్పురవ్వ పడిందట. భయపడి లైను ఆపేశారు, దాంతో బోర్లు కూడా ఆగిపోయాయి. జనం బిందెలతో, బకెట్లతో పరుగెడుతున్నారు. ఆ వేడికి ఎవరూ దగ్గరికి పోలేకపోతున్నారు.

ఒక కుర్రవాడు ట్రాక్టరుకు అడ్డం నిలబడ్డాడు. "ఎవరు పిలిచినారు మిమ్మల్ని? పోయినేడు యాడికి పోయినారు?"

"పొగ కనపడ్తే పిలిచినట్టే. పక్కకు జరుగు నాయనా" అంది ఓబుళమ్మ.

అతను జరగలేదు. అప్పుడు పొగలోంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. చొక్కా చెయ్యి కాలి, ముఖమంతా మసి. సుబ్బరాయుడు ఆయనే అని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. కుర్రవాడి భుజం పట్టుకుని పక్కకు లాగాడు. ఓబుళమ్మను చూశాడు, మస్తానును చూశాడు.

"పైపు ఇట్ల దేప్పా" అన్నాడు.

ఆ తర్వాత ఎవరు ఏ ఊరివాళ్లో నాకు తెలియలేదు. సుబ్బరాయుడు, మస్తాను పైపు పట్టుకుని మూడో వామిని తడిపారు. కాలుతున్నదాన్ని వదిలి కాలనిదాన్ని ముందు కాపాడాలని అరుచుకుంటూ మిగతావాళ్లు కొడవళ్లతో అంటుకున్న సొప్పను లాగి పారేస్తున్నారు. వదిన చీర ఎగదోపుకుని, ఒక ఇంటి తొట్టి దగ్గర ఆడవాళ్లను వరసలో నిలబెట్టింది. "ఇలా అందివ్వండమ్మా, అలా పరిగెట్టొద్దండీ, తొణికిపోద్ది" అని గోదావరి యాసలో గదమాయిస్తుంటే, ఈవిడెవరో కూడా తెలియని ఆ ఊరివాళ్లు చెప్పినట్టే చేశారు. వరస చివర బిందెలు అందుకుని కుమ్మరించే పని నాది. నా కనుబొమలు కాస్త కాలాయి. అది నేను సాయంత్రం అద్దంలో చూసుకునేదాకా తెలియదు.

ట్యాంకరు ఖాళీ అయిపోతోందని మస్తాను చెయ్యి ఊపాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఇంకో ట్రాక్టరు, దాని వెనక ఇంకోటి వచ్చాయి. ఇక్కడ చీనీ అనే బత్తాయి తోటలకు మందు కొట్టే తొట్లు, నిండా నీళ్లు. పొత్తులోని మిగతా ఊళ్లవి. ఆ బండ్లను చూసి మిట్టపల్లె ముసలావిడ ఒకామె కింద కూలబడి ఏడ్చింది. ఆమె పేరు పుల్లమ్మ. మొదట కాలిపోయిన వామి ఆమెదే.

రెండు వాములు పోయాయి. మిగతా వరసంతా నిలబడింది.

బడి వరండాలో

ఆ రాత్రి ఎవరూ ఏమీ తేల్చుకోలేదు. పొద్దున్నే సుబ్బరాయుడు కబురు పెట్టాడు. మిట్టపల్లె బడి వరండాలో ఐదు ఊళ్ల పెద్దలు కూర్చున్నారు. మా ఇద్దరికీ కూడా చాప వేశారు. సుబ్బరాయుడు చేతికి కట్టు కట్టుకుని ఉన్నాడు. చాలాసేపు వేరే మాటలు నడిచాయి. వానల గురించి, బోర్ల గురించి. మా వైపు అయితే ఈపాటికి ఉపన్యాసాలు మొదలయ్యేవి.

చివరికి ఓబుళమ్మే మొదలుపెట్టింది. "అన్నా, పోయినేడు మేం చేసింది తప్పు. ఇంతమందిలో చెప్తాండా."

సుబ్బరాయుడు నేల చూస్తూ అన్నాడు. "నిన్న మీరు రాకుంటే నేను అడిగేవాణ్ని కాదు మ్మా. ఊరంతా కాలినా అడిగేవాణ్ని కాదు. అది నాకు రాత్రంతా నిద్ర పట్టనియ్యలేదు."

ఆయనే మళ్లీ అన్నాడు. "మేం కలుస్తాం. అయితే ఒకటే మాట. ఇంగ పెండ్లిండ్లకు ఆ బండి కదిలితే మాత్రం..."

"కదిలితే చక్రాలు పీక్కోని పోన్నా. నేనే జాకీ ఇస్తా" అంది ఓబుళమ్మ. వరండా అంతా నవ్వింది. నిన్న అడ్డం నిలబడిన కుర్రవాడు అందరికీ టీ పోశాడు. ఓబుళమ్మకు పోసేటప్పుడు మాత్రం తల ఎత్తలేదు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, "నువ్వు అడిగింది న్యాయమే లే" అంది.

పుల్లమ్మ వామి

మా బస్సు మధ్యాహ్నం. బయల్దేరబోతుంటే కళ్లం వైపు ట్రాక్టర్లు పోతున్నాయి. ఒక్కో ఊరి నుంచి ఒక్కో ట్రైలరు, జొన్న సొప్పతో. కాలిపోయిన రెండు వాములకు బదులట. ఎవరు అనుకున్నారో, ఎప్పుడు అనుకున్నారో నాకు తెలియదు. బడి వరండాలో ఆ మాట రాలేదు.

పుల్లమ్మ తన రెండు ఎనుముల్ని కట్టేసిన గుంజ దగ్గర నిలబడి ఉంది. భర్త లేడు, ఆ గేదెల పాలే బతుకు. ట్రైలర్లను చూసి ఆమెకు సంతోషం కన్నా గాబరా ఎక్కువైంది.

"ఇంత సొప్ప నేను యాడ తీర్చేది? వద్దు, తీసుకోని పోండి" అంది.

తుమ్మలకొట్టాల నుంచి వచ్చిన ఒకావిడ మోపు దించుతూ, "తీర్చొద్దులే అత్తా. మాకు అంటుకున్న దినం వచ్చి ఒక బిందె నీళ్లు పొయ్యి" అంది.

"థూ, ఏం మాటలవి! మీకు అంటుకోగూడదు" అంది పుల్లమ్మ కోపంగా. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే.

వామి వేయడం మొదలుపెట్టారు. ఒక ఊరివాళ్లు గుండ్రంగా వేయాలన్నారు, ఇంకో ఊరివాళ్లు పొడవుగా వేస్తేనే వాన నీళ్లు దిగవన్నారు. వాదన పెరుగుతుంటే పుల్లమ్మ కొంగు బిగించి, ఎవరి మాటా వినకుండా తనే సొప్ప మీదికెక్కింది. అరవై ఏళ్ల మనిషి, చకచకా తొక్కుతూ, "నా వామి నేను చెప్పినట్టు ఎయ్యండి. ఆ మూల ఇంగ రెండు మోపులు" అని అయిదు ఊళ్ల మగవాళ్లకూ పని చెప్పింది. వాళ్లు మారు మాట్లాడకుండా అందించారు.

రోడ్డు మీద మా బస్సు హారన్ వినపడింది. నేను సంచీ తీసుకున్నాను. వదిన మాత్రం ట్రైలరు దగ్గరికి వెళ్లి ఒక మోపు ఎత్తడానికి చూస్తోంది. ఒక్కతే ఎత్తలేక నా వైపు తిరిగి, "ఏంటే చూస్తావ్, ఓ చెయ్యెయ్యి" అంది. బస్సు ఆగి, కాసేపు చూసి, వెళ్లిపోయింది. సంచీ గట్టు మీద పెట్టి నేను మోపుకు రెండో వైపు పట్టుకున్నాను.